గుడ్డు అడ్డం పడ్డ గ్రామప్రియ పెట్ట: ఆరు వారాల డైరీ

నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పెరడు. ఏడు పెట్టలు, ఒక పుంజు, అన్నీ గ్రామప్రియ జాతివే. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసం తయారైన జాతి ఇది, లేత గోధుమరంగు గుడ్లు పెడుతుంది. నాటుకోడి కంటే గుడ్లు చాలా ఎక్కువ. దానితోపాటు కాల్షియం ఖర్చూ ఎక్కువే. నాటుకోడికి సరిపోయే మేతతో దీన్ని నడిపిస్తే ఏమవుతుందో ఈ డైరీలో ఉంది: గుడ్డు బయటికి రాక లోపలే ఆగిపోయింది, గుడ్డు అడ్డం పడటమంటే అదే.

కుడికాలికి ఎర్రదారం కట్టిన పెట్ట గురించే ఈ రాతలన్నీ. వయసు పది నెలలు, గుడ్లు మొదలై ఐదు నెలలు. ఇన్నాళ్లూ తిన్నది నూకలు, జొన్నలు, మిగిలిన అన్నం, పెరట్లో దొరికిన పురుగూ ఆకూ.

ఏప్రిల్ 12, ఉదయం 7:10

గంప తీయగానే మిగతావి బయటికి ఉరికాయి, ఎర్రదారం పెట్ట కదల్లేదు. తోక కిందికి జారి ఉంది. ఒళ్లు నిటారుగా, కడవ నిలబెట్టినట్టు ఉంది. ఈకలు ఉబ్బాయి, కళ్లు సగం మూసింది. నిమిషానికి ఒకసారి తోక కింద కండరం బిగుస్తోంది, ముడ్డి తెరుచుకుని మూసుకుంటోంది, ఏమీ రావడం లేదు. తురాయి కొంచెం పాలిపోయింది కానీ నీలం కాలేదు. నూకలు ముందు పెడితే చూడను కూడా చూడలేదు.

ఈ లక్షణాలు కొన్ని వేరే రోగాల్లోనూ కనిపిస్తాయి కాబట్టి ముందు వాటిని తీసేయాలి. కొక్కెర రోగమైతే పచ్చటి రెట్ట, శ్వాసలో గురక, మెడ వంకర ఉంటాయి, పైగా ఒక్కకోడితో ఆగదు. మేతసంచి పట్టేస్తే రొమ్ము పైన గట్టి ముద్ద తగులుతుంది. కడుపులో నీరు చేరితే పొట్ట నీళ్ల సంచిలా జలజలలాడుతుంది, లోపల గట్టిగా ఏదీ తగలదు. ఇక్కడ ఇవేవీ లేవు.

7:25

చెయ్యి పెట్టి చూసే పద్ధతి: కోడిని చంకలో ఇరికించి, తల వెనక్కి, తోక ముందుకి వచ్చేలా పట్టుకోవాలి. అరచేతిని పొట్ట కింద, రొమ్ము ఎముక కొసకూ ముడ్డికీ మధ్య మెత్తగా ఆనించాలి. నొక్కకూడదు, ఆనించాలంతే. లోపల కోలగా, గట్టిగా, నిమ్మకాయంత తగిలింది. గుడ్డే. ముడ్డికి రెండు పక్కలా సన్నటి ఎముకల కొనలు ఉంటాయి, గుడ్లు పెట్టే పెట్టలో వాటి మధ్య మూడు వేళ్లు పడతాయి. ఇక్కడ మూడు పడుతున్నాయి. అంటే దారి ఇరుకు కాదు, నెట్టే బలం లేదు.

నిర్ధారణ కోసం చేతికి గ్లౌజు, చూపుడు వేలికి కొబ్బరినూనె. వేలిని అంగుళంన్నర మాత్రమే, నెమ్మదిగా. గుడ్డు దారి కోడికి ఎడమ పక్కన ఉంటుంది, కాబట్టి వేలు ఆ పక్కకి ఒరగాలి. పెంకు గీరుకున్నట్టు తగిలింది. పగిలిన అంచు లేదు, నెత్తురు లేదు. అది పెద్ద ఊరట. లోపల పగిలిన గుడ్డుంటే ఇంట్లో చేయాల్సింది ఏమీ లేదు, నేరుగా పశువుల దవాఖానకే.

తూకం: 2,350 గ్రాములు. ఈ వయసు గ్రామప్రియ పెట్టకు ఇది ఎక్కువ. పొట్ట చర్మం వేళ్ల మధ్య పడితే మందంగా ఉంది, కొవ్వు. అన్నం, నూకల ఫలితం.

7:45

పశువుల దవాఖాన డాక్టరుకు ఫోన్. ఆయన మాట: "పొట్ట మాత్రం వత్తకుండ్రి. కాల్షియం మాత్ర వేసి, గోరువెచ్చని నీళ్లల్ల కూసోవెట్టుండ్రి. మాపటిదాంక సూడుండ్రి, రాకుంటే తీస్కరండి, సూది ఇయ్యాలె."

ముందు కాల్షియం, తర్వాతే నీళ్లు. గుడ్డును బయటికి నెట్టేది కండరం. ఆ కండరం బిగుసుకోవడానికి రక్తంలో కాల్షియం కావాలి, ఉన్నదంతా పెంకుకే పోతే కండరానికి మిగలదు. నూనె ఎంత రాసినా నెట్టే చెయ్యి లేకపోతే గుడ్డు కదలదు. మనుషులకిచ్చే 500 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్ డి3 కలిసిన మాత్ర ఒకటి, నాలుగు ముక్కలు చేసి వేశాం.

వేసే తీరు: ఒకరు కోడిని పట్టుకోవాలి, ఇంకొకరు బొటనవేలితో కింది ముక్కును దించాలి. నాలుక మధ్యలో, వెనకగా ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది శ్వాసనాళం. ముక్కను దానికి వెనక, కుడిపక్కకి పెట్టి ముక్కు వదిలేస్తే కోడే మింగుతుంది. నీళ్లు గానీ నూనె గానీ నోట్లో పోయకూడదు. ఆ రంధ్రంలోకి పోతే గుడ్డుతో కాదు, ఊపిరాడక చస్తుంది. ఊళ్లో ఆముదం తాగించే అలవాటు ఉంది. ఆముదం పేగుల్లోకి పోతుంది, గుడ్డు దారిలోకి పోదు. పారుడు పట్టి ఒంట్లో నీళ్లు పోవడం తప్ప ఫలితం లేదు.

8:05, మొదటి స్నానం

నలభై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు ఉన్న ప్లాస్టిక్ టబ్బు. ట్యాంకు నీళ్లు ఇప్పుడు 30 డిగ్రీలున్నాయి. పన్నెండు లీటర్లలో రెండు లీటర్ల మరిగిన నీళ్లు కలిపితే దాదాపు 40 డిగ్రీలు, లోతు పన్నెండు సెంటీమీటర్లకు దగ్గర. కోడి కూర్చుంటే పొట్ట, ముడ్డి మునుగుతాయి, రెక్కలు పైన ఉంటాయి. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మన చేతికి వెచ్చగా అనిపించేది దానికి హాయిగా ఉంటుంది. థర్మామీటరు లేకపోతే మోచెయ్యి ముంచి చూడాలి. పసిబిడ్డకు పోసే నీళ్లంత వేడి, అంతకంటే ఎక్కువ వద్దు.

తలమీద తువాలు కప్పగానే రెండు నిమిషాల్లో కుదుటపడింది. ఒక చెయ్యి వీపు మీద, ఇంకో చెయ్యి రొమ్ము కింద. మొదట కాళ్లు తన్నుకుంది, తర్వాత మెడ దించి కునికింది. కునికే కోడి ముక్కు నీళ్లలో పడితే చస్తుంది, అందుకే ఒక్క క్షణం కూడా వదలకూడదు. పదిహేను నిమిషాలకు నీళ్లు చల్లారితే అర లీటరు వేడినీళ్లు టబ్బు మూలన, కోడికి దూరంగా పోయాలి. మొత్తం 25 నిమిషాలు.

8:40

నూలు తువాలుతో ఒత్తి ఆరబెట్టి, సూది తీసేసిన సిరంజితో లిక్విడ్ పారాఫిన్ రెండు మిల్లీలీటర్లు ముడ్డి లోపలి అంచున. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది. కిందికి జారేదే కాబట్టి కోడి తల వైపు కాస్త పల్లంగా వంచి ఒక నిమిషం ఆగాలి.

తర్వాత గోనెసంచి పరిచిన మూలగదిలో గంప కింద, చీకటిగా. చలిదేశాల వాళ్లు రాసే పద్ధతుల్లో ఈ దశలో బల్బు వెలిగించి పెట్టెను వెచ్చగా ఉంచమంటారు. ఏప్రిల్లో దేవరకొండలో ఆ పని చేయకూడదు. గదే 33 డిగ్రీలుంది, మధ్యాహ్నానికి 36 దాటుతుంది. బల్బు పెడితే ఎండదెబ్బకు కోడి పోతుంది. చలికాలమైతే, డిసెంబరు రాత్రి 14 డిగ్రీలకు పడినప్పుడు, 40 వాట్ల బల్బు గంపకు అడుగున్నర దూరంలో పెట్టడం సరైనది. మిగతా కాలంలో చీకటి, నిశ్శబ్దం చాలు. కోడి గుడ్డు పెట్టడానికి వెతికేవి అవే.

మూకుట్లో తాగడానికి: లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి. ముక్కు తడిపితే తనంతట తానే నాలుగు గుక్కలు తాగింది.

11:00

గుడ్డు లేదు. కొంచెం తెల్లటి నీళ్ల రెట్ట వేసింది. మంచిదే, రెట్ట దారి పూర్తిగా మూసుకుపోలేదు. అది కూడా ఆగిపోతే సాయంత్రం దాకా చూడాల్సిన పని లేదు, వెంటనే తీసుకెళ్లాలి. ఎడమకాలు కొంచెం ఈడుస్తోంది, గుడ్డు లోపల నరాన్ని నొక్కుతుంది కాబట్టి అలా అవుతుంది. గుడ్డు వచ్చాక తగ్గాలి.

12:15, రెండో స్నానం

ఈసారి నీళ్లు 38 డిగ్రీలే, ఇరవై నిమిషాలే. బయట నీడలో 40 ఉంది. ముక్కు తెరిచి రొప్పడం మొదలుపెడితే వెంటనే తీసేయాలి. ఇది పద్దెనిమిదో నిమిషానికి రొప్పింది, తీసేశాం. మళ్లీ నూనె, మళ్లీ చీకటి.

పాడిగేదెలకు పాలు చేపడానికి కొందరు దొంగచాటుగా పొడిచే ఆక్సిటోసిన్ సూది కోడికీ వేస్తే గుడ్డు దూకుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ మందు కండరాన్ని బిగిస్తుంది, అది నిజమే. కానీ గుడ్డు అడ్డంగా ఉన్నా, ముడ్డి దగ్గర దారి తెరుచుకోకపోయినా, ఆ బిగుతుకు గుడ్డు సంచే చీలిపోతుంది. కాల్షియం ముందు ఎక్కించి, లోపల చూసి, కొలిచి ఇవ్వాల్సిన మందది. డాక్టరు చేతికే వదిలేయాలి.

2:40

గుడ్డు వచ్చింది. గంప సందులోంచి చూస్తే: కోడి కాళ్లు వెడల్పు చేసి లేచింది, తోక పైకెత్తింది, ముడ్డి చుట్టూ లోపలి గులాబీరంగు పొర బయటికి ఉబ్బి దాని మధ్య గుడ్డు మొన కనిపించింది. మూడు బిగింపులు. మూడోదానికి జారి గోనె మీద పడింది. కోడి అరవలేదు, అక్కడే కూర్చుండిపోయింది.

ఆ గులాబీ పొర ఐదారు నిమిషాల్లో లోపలికి పోయింది. అది చూడకుండా గంప దగ్గర్నుంచి లేవకూడదు. పోకపోతే దాన్ని ముడ్డి జారడం అంటారు. అప్పుడు మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో, లీటరుకు రెండు చెంచాలకు కొంచెం తక్కువ ఉప్పుతో, కడగాలి. మెత్తగా దంచిన చక్కెర నీళ్లతో ముద్ద చేసి పది నిమిషాలు రాసి ఉంచితే చక్కెర వాపులోని నీటిని లాగేస్తుంది. కడిగి, నూనె వేలితో నెమ్మదిగా లోపలికి నెట్టాలి. మళ్లీ మళ్లీ జారితే కుట్టు వేయాలి, అది దవాఖానలో. అన్నిటికంటే ముఖ్యం, జారిన కోడిని మందలో వదలకూడదు. ఎర్రగా కనిపించేదాన్ని మిగతా కోళ్లు పొడుస్తాయి, అరగంటలో పేగులు లాగేస్తాయి.

గుడ్డు కొలతలు: 68 గ్రాములు, 62 మిల్లీమీటర్ల పొడవు, 44 వెడల్పు. ఈ పెట్ట మామూలు గుడ్డు 55 నుంచి 58 గ్రాములు. పెంకు మీద సుద్ద చల్లినట్టు గరుకు, నడుమున వడ్డాణంలా ముడత, సన్నకొస దగ్గర వేలితో నొక్కితే లోపలికి వంగేంత పల్చన. ఇలా గరుకైన గుడ్డు నునుపైన గుడ్డులా జారదు, గోడలను పట్టుకుంటుంది.

ఏప్రిల్ 13

పగలగొట్టిన గుడ్డు పెంకు కడిగి, ఒకరోజు ఎండబెట్టి, నగల తూకం లాంటి చిన్న తూకంలో వేస్తే 4.6 గ్రాములు. 68 గ్రాముల గుడ్డుకు ఇది 6.8 శాతం. బాగున్న గుడ్డులో పెంకు తొమ్మిది, పది శాతం ఉంటుంది. ఇకనుంచి వారానికో గుడ్డు పెంకు ఇలా తూచి రాయాలి. పెంకు చేత్తో చూసి మందమో పల్చనో చెప్పడం నమ్మదగింది కాదు, అంకె నమ్మదగింది.

కాలు ఈడవడం తగ్గింది. సాయంత్రం నాలుగు నుంచి ఉదయం ఎనిమిది వరకు చీకటి గదిలో, పగలు జాలి గూట్లో, మిగతా కోళ్లకు కనిపించేలా. వెలుతురు ఎనిమిది గంటలకు తగ్గిస్తే గుడ్డు పెట్టమనే ఉత్తర్వు ఒంట్లో తగ్గుతుంది, లోపలి వాపుకు తీరిక దొరుకుతుంది. పూర్తిగా విడదీసి కళ్లకు కనపడకుండా ఉంచితే మళ్లీ మందలో కలిపేటప్పుడు కొట్టుకుంటాయి.

ఏప్రిల్ 15

తెల్లారేసరికి కూర్చునే కర్ర కింద తోలుగుడ్డు. పెంకు లేదు, పొర మాత్రమే, పిసికితే నీళ్ల సంచి. ఊహించిందే. ఒంట్లో నిల్వ అయిపోయింది. కాల్షియం మాత్ర రోజుకొకటి 17 దాకా, మొత్తం ఆరు రోజులు. ఆ తర్వాత మాత్ర ఆపి మేత ద్వారానే. మాత్రతో రోజులు నెట్టడం వైద్యం, మేత మార్చడం అసలు పని.

ఏప్రిల్ 18, లెక్క

గుడ్డు ఒంట్లో తయారవడానికి పాతిక గంటలకు పైనే పడుతుంది. అందులో ఇరవై గంటల దాకా పెంకు తయారయ్యే సంచిలోనే గడుపుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి. ఒక్క పెంకుకు రెండు గ్రాముల కాల్షియం కావాలి. తిన్నదాంట్లో సగమే ఒంటికి పడుతుంది కాబట్టి గుడ్డుకు నాలుగు గ్రాములు తినాలి.

జొన్నల్లో వంద గ్రాములకు ఉండేది పాతిక మిల్లీగ్రాములు, కొంచెం అటూఇటూ. నూకల్లో పది. అంటే రోజూ ఎనభై గ్రాముల గింజ తిన్న పెట్టకు ఇరవై మిల్లీగ్రాములు అందింది. పెంకుకు అది ఇచ్చింది రెండువేల మిల్లీగ్రాములు. వందకు ఒక వంతు వచ్చి వంద వంతులు పోతే ఆ తేడా ఎక్కడిది? కాళ్ల ఎముకల లోపల పెట్టకు ఒక నిల్వ ఉంటుంది, అది తీసి వాడుతుంది. పెరట్లో గీరి తిన్న నత్తలు, ఆకులు కొంత. నాటుకోడి పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఆ నెలా రెండు నెలలు నిల్వ నిండుతుంది. గ్రామప్రియ దాదాపుగా పొదగదు, ఆపదు. అప్పు తీర్చే గడువే దానికి లేదు.

దానికి ఎండ తోడైంది. వేడికి కోడి రొప్పుతుంది, రొప్పితే ఊపిరితో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది, పెంకు కట్టడానికి కావాల్సిన పదార్థం రక్తంలో తగ్గుతుంది. పైగా ఎండకు మేత తినదు. ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పల్చబడటానికి కారణం ఇదే.

ఏప్రిల్ 20, మేత

మొక్కజొన్న రవ్వ 5.2 కిలోలు, సోయా చెక్క 2.2 కిలోలు, నూనె తీసిన తవుడు 1.6 కిలోలు, డైకాల్షియం ఫాస్ఫేట్ (కాల్షియం, భాస్వరం ఉన్న పొడి) 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, కోళ్ల విటమిన్, ఖనిజ మిశ్రమం 20 గ్రాములు, సున్నపురాయి పొడి 300 గ్రాములు. మొత్తం తొమ్మిదిన్నర కిలోలు. మాంసకృత్తులు 17 శాతానికి కొంచెం ఎక్కువ. పెట్టకు రోజుకు తొంభై గ్రాములు, మిగతాది పెరట్లో.

పెట్టకు కావాల్సిన కాల్షియం అంతా ఇందులో కలపలేదు. కారణం పుంజు. గుడ్డు పెట్టని కోడి రోజూ అంత కాల్షియం తింటే కిడ్నీలు పాడవుతాయి, పిల్లలకైతే ఇంకా చెరుపు. అందుకే ఆల్చిప్పల ముక్కలు విడిగా మూకుట్లో పెట్టాం. పెట్ట తన అవసరం తానే తెలుసుకుంటుంది. సాయంత్రం ఐదున్నరకు మూకుడు చుట్టూ చేరేవి పెట్టలే, పుంజు రెండు ముక్కలు కొరికి పోతుంది. ముక్క రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లుండాలి. పిండిలా ఉంటే గంటలో కరిగి పోతుంది, ముక్క అయితే గట్టికడుపులో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది, పెంకు కట్టేదీ రాత్రే.

రాయి ఏదైనా సున్నపురాయి కాదు. దేవరకొండ చుట్టూ గుట్టలన్నీ గ్రానైటు, క్రషర్ దగ్గర దొరికే బూడిదరంగు పొడి కోడికి పనికిరాదు. వాడపల్లి, దామరచర్ల వైపు సిమెంటుకు తీసేది సున్నపురాయి. తేడా తెలుసుకోవడం తేలిక: ముక్క మీద నిమ్మకాయ పిండాలి, నకిరేకల్ కాయ అయితే రసానికి కొదవుండదు. బుసబుస నురగ వస్తే సున్నపురాయి. గ్రానైటు మీద రసం జారిపోతుంది. ముగ్గుపిండి వాడకూడదు, అందులో ఏ రాయి ఎంతుందో ఎవరూ చెప్పలేరు. తమలపాకు సున్నం అసలే వద్దు, అది నోరు, మేతసంచి కాల్చేస్తుంది.

ఇంట్లో గుడ్డు పెంకులూ పనికొస్తాయి. కడిగి, పెనం మీద పది నిమిషాలు వేయించి, రోట్లో ముక్కలు చేయాలి. గుడ్డు ఆకారం కనపడకూడదు, కనపడితే గుడ్డు తినే అలవాటు పడుతుంది.

సోయా చెక్క బదులు పల్లిచెక్క ఎందుకు కాదంటే, పాలమూరు వైపు దొరికే పల్లిచెక్క తాజాదైతే మంచిదే, కానీ తేమ తగిలి బూజు పడితే దాని విషం కాలేయాన్ని తింటుంది, పచ్చసొన తయారయ్యేది కాలేయంలోనే. నిల్వ చెక్కను నమ్మలేం. పత్తిగింజల చెక్క గేదెలకు సరే, గుడ్డు పెట్టే కోడికి కాదు, పచ్చసొన ఆకుపచ్చ ముదురురంగుకు తిరుగుతుంది.

ఏప్రిల్ 23

మొదటి పొరపాటు బయటపడింది. పొడిమేత తొట్టి అడుగున తెల్లటి పొడి పేరుకుంది. మొక్కజొన్న ఏరుకుని తిని సున్నపురాయి, ఖనిజాలు వదిలేశాయి. ఇప్పటినుంచి మేతను నీళ్లతో గానీ సల్లతో గానీ పిడికిట్లో పట్టితే ముద్ద నిలిచేంత తడిపి పెట్టాలి. తడిపింది రెండు గంటల్లో అయిపోయేంతే వేయాలి, ఈ ఎండకు మూడో గంటకు పులిసిపోతుంది. వేళలు కూడా మారాయి: ఉదయం ఐదున్నర, సాయంత్రం ఆరు. పదకొండు తర్వాత ఎలాగూ తినవు.

ఏప్రిల్ 27

రేకుల గూట్లో మధ్యాహ్నం రెండింటికి 43 డిగ్రీలు. రేకు మీద కందికట్టె ఒక పొర, దానిపైన జొన్నచొప్ప ఒక పొర, తాడుతో బిగించాం. పడమర జాలికి తడి గోనె. మరుసటి రోజు అదే వేళకు 39. నాలుగు డిగ్రీల తేడా కోడికి ప్రాణమే. మట్టికుండ మూకుళ్లలో నీళ్లు పదకొండింటికి, మూడింటికి మార్చాలి. వేడెక్కిన నీళ్లు కోడి తాగదు, తాగకపోతే తినదు.

గుడ్లు పెట్టే చోటు కూడా చూశాం. ఏడు పెట్టలకు ఒకే బుట్ట. ఒకటి కూర్చుంటే ఇంకొకటి పైన ఎక్కి పొడుస్తోంది, గుడ్డు వచ్చే వేళకు తరిమేసిన కోడి గుడ్డు ఆపుకుంటుంది. ముప్పై సెంటీమీటర్ల చదరపు పెట్టెలు ఇంకో రెండు, నేల నుంచి అడుగున్నర ఎత్తున, వరిగడ్డి వేసి, ముందు పాత చీరముక్క తెరలా.

మే 3

ఎర్రదారం పెట్ట 2,240 గ్రాములు. గుడ్డు 59 గ్రాములు, పెంకు 4.8. ఎనిమిది శాతానికి కొంచెం ఎక్కువ. ముడత పోయింది, సుద్ద ఇంకా ఉంది.

మే 9

గాబరా, కానీ వేరే పెట్టతో. పసుపుదారం పెట్ట ఉదయం నుంచి పెట్టెలోంచి లేవలేదు, ఈకలు ఉబ్బాయి, మేతకు రాలేదు. చూడటానికి గుడ్డు అడ్డం పడ్డట్టే ఉంది. తేడాలు: తోక పడిపోలేదు, బిగింపులు లేవు, చెయ్యి పెడితే గుర్రుమని పొడిచింది, లేపి దించితే ఒక్కసారిగా పెద్ద, కంపు కొట్టే రెట్ట వేసి పరుగెత్తి నీళ్లు తాగింది. ఇది పొదుగు. ఈ జాతిలో అరుదు, కానీ ఉంటుంది. గుడ్డు అడ్డం పడ్డ కోడి పొడవదు, దానికి ఆ శక్తి ఉండదు. ఆ ఒక్క గుర్తు చాలాసార్లు అనవసరమైన స్నానాన్ని తప్పిస్తుంది.

మే 14

ఎర్రదారం పెట్ట మధ్యాహ్నం మూడింటికి పెట్టింది. నిన్న ఒకటిన్నరకు. ఆలస్యం అని భయపడాల్సింది లేదు. గుడ్డు తయారీ పాతిక గంటలకు పైగా పడుతుంది కాబట్టి రోజూ గంట, గంటన్నర జరుగుతూ మధ్యాహ్నానికి వస్తుంది, ఆ తర్వాత ఒకరోజు మానేస్తుంది. రేపు గుడ్డు రాకపోవడం మామూలే. చూడాల్సింది వేళ కాదు, తోక, మేత, రెట్ట.

ఇదే సందర్భంలో రాసి పెట్టుకోవాల్సినవి. గుడ్డు అడ్డం పడ్డ కోడికి సాయంత్రానికీ గుడ్డు రాకపోయినా, తురాయి నీలంగా మారినా, నెత్తురు కనిపించినా, పొట్ట నీటిసంచిలా ఉబ్బినా ఇంట్లో ఆపకూడదు. గుడ్డు బదులు ఉడికిన జున్నులా పొరలు పొరలుగా గడ్డ వస్తే అది గుడ్డు సంచిలో చీము, కాల్షియంతో పోదు. ఆంటిబయాటిక్ డాక్టరు రాస్తే ఎన్ని రోజులు ఆ గుడ్లు తినకూడదో కూడా అడిగి రాసుకోవాలి. కోడిని ముట్టిన ప్రతిసారీ మోచేతిదాకా సబ్బు.

మే 24

2,060 గ్రాములు. అన్నం పూర్తిగా మానేసి ఐదు వారాలు. పొట్ట చర్మం పల్చగా పడుతోంది. ఈ వారం ఐదు గుడ్లు, ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం రెండింటికీ మధ్య. నిన్నటిది 57 గ్రాములు, ఎండిన పెంకు 5.4. తొమ్మిదిన్నర శాతం. సన్నకొసను గోటితో తడితే పింగాణీ గిన్నె తట్టినట్టు మోగింది.

ఆల్చిప్పల సంచిలో కిలోన్నర మిగిలింది, ఏడు పెట్టలకు మూడు నాలుగు వారాలకు వస్తుంది. గూటి మీద చొప్ప ఎండకు పొడైపోయింది, తొలకరి పడేలోపు తీసి తాటాకు వేయాలి.